జీడి తొక్కతో చికెన్‌కి పొగ పెట్టొచ్చా? పలాస వైపు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కాశీబుగ్గ దగ్గర హైవే పక్కన బార్బెక్యూ బండి పెట్టాలనుకుంటున్నారు. అమెరికా వాళ్ల వీడియోల్లో అక్రోటు లాంటి పెకాన్ గింజల తొక్కలు నిప్పుల మీద చల్లి మాంసానికి పొగ పట్టించడం చూశారు. మన పలాసలో జీడి తొక్క బస్తాలకు బస్తాలు దొరుకుతుంది కదా, అదే వాడితే ఖర్చు తగ్గి కొత్త రుచి కూడా వస్తుందేమో అని అడిగారు.

జీడి తొక్క వాడొద్దు. పచ్చిది, ఎండినది, ఫ్యాక్టరీలో ఆవిరికి ఉడికినది, నూనె పిండేశాక మిగిలిన పిప్పి, ఏదీ వద్దు. దాని బదులు కొబ్బరి చిప్ప వాడండి. ఉద్దానంలో దానికి కొదవ లేదు. వేడి కోసం చిప్ప బొగ్గు, వాసన కోసం గుప్పెడు ఎండు చిప్ప ముక్కలు. ఈ రెండింటితో మీ బండి నడిచిపోతుంది. వేరుశనగ తొక్క కూడా పనికొస్తుంది గానీ దానికి కొన్ని జాగ్రత్తలున్నాయి, కింద రాస్తాను.

ముందు జీడి తొక్క ఎందుకు వద్దో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆలోచన మన ప్రాంతంలో చాలామందికి వస్తుంది. జీడి పిక్క పైతొక్కకూ లోపలి గట్టి తొక్కకూ మధ్య తేనెపట్టు గదుల్లాంటి పొర ఉంటుంది. ఆ గదుల నిండా జీడినూనె. తొక్క బరువులో సుమారు నాలుగో వంతు ఈ నూనే. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం, తర్వాత కార్డాల్, కార్డనాల్. పిక్క కొట్టేవాళ్లు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుని కూర్చునేది ఈ నూనెకి భయపడే. చర్మానికి తగిలితే నల్లబడుతుంది, బొబ్బలెక్కుతుంది. బట్టల మీద గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి గింజ కూడా ఇదే కుటుంబం, దాని రసం చేసే పనీ ఇదే.

కాలితే ఆ నూనె పోతుంది కదా అంటారు. పోదు. వేడికి అనకార్డిక్ ఆమ్లంలోంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోయి అది కార్డనాల్‌గా మారుతుంది. కార్డాల్ మిగిలే ఉంటుంది. బార్బెక్యూలో మనం కావాలనే గాలి తగ్గించి, మంట రాకుండా పొగ వచ్చేలా చేస్తాం. అలాంటి నిప్పులో నూనె పూర్తిగా మండదు, ఆవిరిగా, సన్నటి తుంపరగా పొగలో కలిసి పైకి లేస్తుంది. పైన ఉన్నది మాంసం. దాని మీద తడి ఉంటుంది, కొవ్వు ఉంటుంది. పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు, జీడినూనెలోవి కూడా ఆ జాతివే, కొవ్వులో బాగా కరుగుతాయి. మంచి కట్టె పొగ మాంసానికి రుచినిచ్చేది ఈ కారణం వల్లే, జీడి పొగ మాంసాన్ని పాడుచేసేదీ ఈ కారణం వల్లే. తిన్నవాళ్లకు పెదాలు మండడం, నోరు పుండవడం, ఒంటిమీద దద్దుర్లు రావడం జరగొచ్చు. నిప్పు దగ్గర నిలబడే మీకు కళ్లకీ ఊపిరితిత్తులకీ ముందే దెబ్బ.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ఎండాకాలం తోటల్లో పిల్లలు జీడి పిక్కలు చెత్తమంటలో వేసి, నూనె చిటపటలాడుతుంటే కాల్చుకుని, బూడిదలో దొర్లించి పప్పు తింటారు, ఏమీ కావడం లేదు కదా అని. అక్కడ పప్పుకి పొగ తగలదు. గట్టి తొక్క, దాని లోపల ఎర్రటి పొట్టు, రెండూ దాటాకే పప్పు. పైగా ఆ మంట బయట భగ్గున మండుతుంది, నూనె చాలావరకు మంటలోనే కాలిపోతుంది. మీ డ్రమ్ములో మాంసం ముప్పావుగంటసేపు ఆ పొగలోనే ఉంటుంది. రెంటికీ పోలిక లేదు.

ఫ్యాక్టరీ తొక్క గురించి ప్రత్యేకంగా. వెనకటిలా డ్రమ్ములో వేయించిన పిక్కల తొక్కలో కొంత నూనె అక్కడే కారిపోయేది. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఆవిరికి ఉడికించి కోస్తున్నారు. అందువల్ల మీ చేతికొచ్చే తొక్కలో నూనె దాదాపు అంతా అలాగే ఉంటుంది. ఆ తొక్కని నూనె మిల్లులు కొనేది అందుకే. ఆ నూనె రంగుల్లోకి, రెజిన్లలోకి, బండ్ల బ్రేకు లైనింగుల్లోకి పోతుంది. పిండగా మిగిలిన పిప్పిలో కూడా కొంత నూనె ఉండిపోతుంది. అది బాయిలర్లకి మంచి ఇంధనం, వంటకి కాదు. ఎవరైనా ‘పొడి తొక్క, నూనె లేదు’ అని అమ్మజూపితే తీసుకోకండి. పప్పు మీది ఎర్రటి పొట్టు కూడా వద్దు. దాంట్లో వగరు ఎక్కువ, తొక్క కోసేటప్పుడు అంటిన నూనె మరకలు కూడా ఉంటాయి.

అమెరికాలో పెకాన్ తొక్క ఎందుకు నడుస్తుందంటే, పెకాన్ చెట్టు వాళ్లు పొగకు వాడే హికరీ చెట్టుకి సొంత జాతి. తొక్క కట్టెలాగే గట్టిగా, పొడిగా ఉంటుంది, అందులో ఒళ్లు పొక్కించే నూనె లేదు. అంచేత ఏ తొక్కనైనా ఎంచుకునే ముందు అది ఏ చెట్టుది, దానిలో నూనె ఎంత, ఎలా మండుతుంది అని చూడాలి. గింజ తినదగినదైతే తొక్క పొగ కూడా మంచిదే అనుకోవడం పొరపాటు.

ఇక కొబ్బరి చిప్ప. దీంట్లో లిగ్నిన్, అంటే కట్టెకి గట్టిదనం ఇచ్చే పదార్థం, ఎక్కువ. పొగ వాసనకి మూలమైన గ్వాయకాల్, సిరింగాల్ లాంటివి లిగ్నిన్ కాలినప్పుడే పుడతాయి. ఇండోనేషియాలో కొబ్బరి చిప్ప పొగను చల్లార్చి ద్రవంగా పట్టి ఆహారంలో వాడతారు. లక్షద్వీప్‌లో సూర చేపను ఉడికించి ఆరబెట్టేటప్పుడు పొగబెట్టేది కూడా కొబ్బరి డొక్కలు, చిప్పలతోనే. కనుక కొత్త ప్రయోగమేం కాదు.

కానీ బొగ్గు చేయని చిప్పనే పొయ్యినిండా వేసి మాంసం కాలిస్తే చేదు వస్తుంది. చిప్ప మొదట కాలేటప్పుడు తారు ఎక్కువగా వదులుతుంది. అందుకే వేడి బొగ్గు నుంచి, వాసన మాత్రం కొంచెం చిప్ప నుంచి తీసుకోవాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే సగం పని అయినట్టే.

చిప్పల ఎంపిక. ఎండుకొబ్బరి తీసిన ముదురు చిప్పలు తీసుకోండి. బోండాం చిప్పలు నీరుపట్టి ఉంటాయి, పనికిరావు. లోపల కొబ్బరి ముక్క అంటుకుని ఉంటే కత్తితో గీకేయాలి. ఆ కొబ్బరిలోని నూనె కాలి ముక్కిన వాసన వస్తుంది, అది చికెన్‌కి వెంటనే పడుతుంది. పైన పీచు కూడా దులిపేయండి. పీచు దట్టమైన తెల్లపొగ ఇస్తుంది, చేపకి బాగుంటుంది గానీ కోడిమాంసానికి ఘాటెక్కువ. గుడి దగ్గర పోగేసిన చిప్పలు తీసుకుంటే పసుపు, కుంకుమ, కర్పూరం అంటినవి ఏరేయాలి. తర్వాత మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టండి. రెండు చిప్పలు కొట్టి చూస్తే ఖణేల్‌మనాలి.

బొగ్గు చేసుకోవడం. కొనుక్కోవచ్చు గానీ, బజారులో దొరికే గుండ్రటి, పలకల బొగ్గుల్లో కొన్నిటికి త్వరగా అంటుకోడానికి రసాయనం కలుపుతారు. అంటించగానే కిరసనాయిలు వాసన కొడితే వంటకి వాడకండి. సొంతంగా చేసుకోవడం కష్టం కాదు. అడుగున నాలుగైదు బెజ్జాలున్న ఇనప డ్రమ్ము కావాలి. అడుగున కొన్ని చిప్పలు వేసి అంటించండి. అవి బాగా రాజుకున్నాక పైన ఇంకో పొర, అది రాజుకున్నాక ఇంకోటి, ఇలా నింపుకుంటూ రండి. ఒకేసారి నింపితే మధ్యలో చిప్పలు పచ్చిగా ఉండిపోతాయి. మొదట్లో దట్టమైన తెల్లపొగ వస్తుంది. అది పలచబడి నీలంగా, తర్వాత దాదాపు కనపడకుండా పోయినప్పుడు అడుగు బెజ్జాలు తడిమట్టితో మూసి, మూతపెట్టి, అంచు చుట్టూ మట్టి మెత్తేయాలి. ఎక్కడైనా సన్నగా పొగ కారుతుంటే అక్కడ మళ్లీ మెత్తండి. గాలి దూరితే పొద్దునకి బూడిదే మిగులుతుంది.

రాత్రంతా వదిలేసి, డ్రమ్ము చేత్తో తాకితే చల్లగా ఉన్నప్పుడే తెరవాలి. తెరిచాక బొగ్గుని నేలమీద పరిచి ఒక రోజు బయటే ఉంచండి. లోపల నిప్పు దాగి ఉంటే గాలి తగిలి మళ్లీ రాజుకుంటుంది. పూరిపాక పక్కన, గడ్డివాము పక్కన ఈ పని పెట్టుకోవద్దు. పది కిలోల ఎండు చిప్పలకి రెండున్నర నుంచి మూడు కిలోల బొగ్గు వస్తుంది. ముక్క విరిస్తే పుటుక్కుమని విరిగి, విరిగిన చోట నల్లగా మెరవాలి. గోధుమరంగు కనపడితే సరిగా కాలలేదన్నమాట, అది మాంసం కింద పొగ చిమ్ముతుంది. వానాకాలంలో బొగ్గు గాలిలో తేమ పీల్చుకుంటుంది. గట్టిగా కట్టిన సంచిలో నేలకి ఎత్తుగా పెట్టండి.

పొగ డ్రమ్ము. రెండువందల లీటర్ల ఇనప డ్రమ్ము చాలు. తినే నూనె వచ్చిన డ్రమ్ము అయితే మేలు. పురుగుమందు, రసాయనాలు, రంగులు వచ్చిన డ్రమ్ములు ఎంత కడిగినా వద్దు. లోపల పూత ఉంటే ఖాళీ డ్రమ్ములో పెద్ద మంట పెట్టి పూర్తిగా కాల్చి, గీకి, వంటనూనె రాసి మళ్లీ వేడిచేయాలి. జింకు పూసిన రేకు, జింకు జాలీ నిప్పు దగ్గర అసలు వాడకండి, ఆ పూత కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. అడుగున అంగుళం బెజ్జాలు నాలుగు, వాటికి తిప్పి మూసుకునే రేకులు. బొగ్గు బుట్ట నేలకి మూడు అంగుళాల ఎత్తున. మాంసం జాలీ బొగ్గుకి రెండడుగుల పైన. మధ్యలో నీళ్లు పోసిన పళ్లెం. మూతకి రెండంగుళాల పొగ గొట్టం.

ఆ పళ్లెం మానేయకండి. కొవ్వు చుక్కలు ఎర్రటి బొగ్గు మీద పడి కాలినప్పుడే బెంజోపైరీన్ లాంటి చెడ్డ పదార్థాలు ఎక్కువగా పుట్టి మాంసం మీద చేరతాయి. మసి పట్టి నల్లబడిన ముక్కని చాలామంది ‘బాగా కాలింది’ అనుకుంటారు. అది రుచి కాదు, కాలిన కొవ్వు.

ఇప్పుడు అసలు పని. రెండు కిలోల లెగ్ పీసులకి లెక్క చెబుతాను. రెండు లీటర్ల నీళ్లలో వంద గ్రాముల ఉప్పు, నలభై గ్రాముల బెల్లం కరిగించి ముక్కలు ముంచి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు ఉంచండి. తీసి, గుడ్డతో తుడిచి, జాలీ మీద మళ్లీ ఫ్రిజ్‌లోనే మూత లేకుండా గంటసేపు ఆరనివ్వండి. పైన తడి కారుతుంటే పొగలోని తారు దాంట్లో చేరి చేదెక్కుతుంది. పూర్తిగా ఎండిపోతే పొగ పట్టదు. వేలుపెడితే కొంచెం జిగటగా ఉండాలి.

మన దగ్గర పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం కలిపి ముద్దగా పట్టించే అలవాటు ఉంది. తందూరికి అది బాగుంటుంది, ఇక్కడ కాదు. ఆ ముద్ద పొగని మాంసం దాకా పోనివ్వదు, పైపైన మసి పట్టుకుంటుంది. నూనె రాసి మిరియాలు, ధనియాల పొడి, కొంచెం కారం పలచగా చల్లితే చాలు. కావాలంటే మసాలా నీళ్లు చివరి పావుగంటలో రాయండి.

బుట్టలో రెండు కిలోల బొగ్గు వేసి, విడిగా రాజేసిన పది పన్నెండు ఎర్రటి బొగ్గులు పైన పెట్టండి. నిప్పు పైనుంచి కిందకి మెల్లగా దిగుతుంది, వేడి నిలకడగా ఉంటుంది. జాలీ దగ్గర 120 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఎక్కువైతే అడుగు బెజ్జాలు ఒక్కొక్కటే మూయండి, పై గొట్టం మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచాలి. దాన్ని మూస్తే పొగ లోపలే నిలిచి పాతబడి చేదవుతుంది.

వేడి నిలబడ్డాక, రెండంగుళాల ముక్కలుగా కొట్టిన ఎండు చిప్ప నలభై, యాభై గ్రాములు నిప్పు మీద వేయండి. మొదటి నిమిషాల్లో దట్టంగా తెల్లపొగ వస్తుంది. ఆ పొగ తగ్గి పలచటి నీలిపొగ మొదలయ్యాకే మాంసం పెట్టాలి. ఇరవై నిమిషాలకోసారి ఇంకో గుప్పెడు, అదీ ముందే వేరే కుంపట్లో అంటించి తెల్లపొగ పోయాక వేసినది. మొత్తం మీద నూటయాభై గ్రాములు దాటనివ్వకండి. ముప్పావుగంట పొగ చాలు. ఆ తర్వాత ఒట్టి బొగ్గు వేడి మీద ఉడకనివ్వండి. గంటన్నర దాటితే అరకిలో బొగ్గు కలపాల్సి వస్తుంది, అది కూడా విడిగా ఎర్రగా రాజేసి వేయాలి. చిప్ప బొగ్గు పలచగా ఉంటుంది కనుక వేడెక్కువ, ఆయుష్షు తక్కువ. సగానికి సగం సరుగుడు బొగ్గు కలిపితే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది.

ముక్క మధ్యలో, ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు దాటాలి. తొడ ముక్కలకి 80 దాకా పోనిస్తేనే మెత్తగా ఉంటాయి. మామూలుగా గంటన్నర నుంచి రెండు గంటలు. రంగు చూసి నిర్ణయించకండి. పొగలోని వాయువులు మాంసంలోని ఎర్రదనాన్ని పట్టి ఉంచుతాయి, బాగా ఉడికిన ముక్క కూడా ఎముక దగ్గర, చర్మం కింద గులాబీ రంగులో కనపడుతుంది. కొనేవాళ్లు ‘పచ్చిగా ఉంది’ అని గొడవపడతారు, వాళ్ల ముందే థర్మామీటర్ గుచ్చి చూపించండి.

మేకమాంసం, పందిమాంసం అయితే లెక్క మారుతుంది. మేక జబ్బ ముక్కలు గంటసేపు పొగలో ఉంచి, తర్వాత అరిటాకు చుట్టి పైన ఫాయిల్ వేసి, అదే వేడిలో ఇంకో మూడు గంటలు ఉంచాలి. లోపల 90 దాటితేనే నారలు విడతాయి. పంది భుజం ముక్కకి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అందులో బద్దెపురుగు భయం ఉంది కాబట్టి సగం ఉడికింది ఎవరికీ పెట్టొద్దు. నాటుకోడిని ముందు ఉప్పునీళ్లలో ముప్పావుగంట ఉడికించి, ఆరబెట్టి, అరగంట పొగ పెడితే సరిపోతుంది. పచ్చిదాన్ని పొగలో వేస్తే ఎండి తాడులా సాగుతుంది.

చేదు వస్తే ఎక్కడ చూడాలి? నాలుక మొద్దుబారినట్టుంటే పొగ దట్టంగా ఉండగానే మాంసం పెట్టారు, లేదా చిప్పలు తడిగా ఉన్నాయి. ముక్కిన వాసన వస్తే చిప్పలో కొబ్బరి మిగిలింది. జిగురుగా నల్లటి పూత ఉంటే గాలి చాలలేదు. చిప్పల్ని నీళ్లలో నానబెడితే ఎక్కువసేపు పొగ వస్తుందంటారు, వచ్చేది ముందు ఆవిరి. ఆ నీళ్లు ఎగిరిపోయేదాకా నిప్పు చల్లబడుతుంది, అంతే.

వేరుశనగ తొక్క సంగతి. ఇది బాగా తేలిక, నిప్పు మీద వేస్తే భగ్గుమని రెండు నిమిషాల్లో బూడిదవుతుంది. ముప్పై గ్రాములు ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, చీపురుపుల్లతో నాలుగైదు బెజ్జాలు పెట్టి బొగ్గు అంచున ఉంచితే మంట రాకుండా పొగ వస్తుంది. వాసన మెత్తగా ఉంటుంది, చేపకీ పనీర్‌కీ నప్పుతుంది. కానీ నేలలోంచి వచ్చిన తొక్క కనుక మట్టి, ఇసుక కడిగి ఎండబెట్టాలి. నల్లగా, పచ్చగా బూజు పట్టినది పారేయండి, ఆ బూజు విషం. వేరుశనగ పడనివాళ్లు కొందరుంటారు, వాళ్లకి తొక్కకి అంటిన పొట్టు, పప్పు నలుసులు చాలు ప్రమాదం తేవడానికి. ఈ తొక్క వాడే రోజు బండి మీద ఆ మాట రాసి పెట్టండి.

తాటి టెంకలు తేగలు తీశాక బాగా ఎండితే బొగ్గుకి పనికొస్తాయి. బాదం తొక్క మంచిదే గానీ ఇక్కడ ఎక్కువగా దొరకదు. పిస్తా తొక్కకి ఉప్పు పట్టి ఉంటుంది, వద్దు. మామిడి టెంక కూడా జీడి కుటుంబమే, దాన్నీ పక్కన పెట్టండి. తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో జీడిమామిడి కట్టె విపరీతంగా దొరికింది, ఇప్పటికీ వంటచెరకుగా వాడతారు. గిన్నె కింద మంటకి సరే, మూత లేని మాంసం కింద బెరడుతో ఉన్న ఆ కట్టె నేను సలహా ఇవ్వను. కట్టె పొగే కావాలంటే జామ, చింత, సరుగుడు ఉన్నాయి. గన్నేరు కొమ్మ మాత్రం పుల్లగా గుచ్చడానికి కూడా వాడకూడదు, అది పూర్తిగా విషం.

బండి గురించి రెండు మాటలు. డ్రమ్ము ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. వాన వచ్చిందని టార్పాలిన్ కప్పి లోపల కూర్చోవద్దు, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. రాత్రి మిగిలిన నిప్పుని షాపులోకి తీసుకెళ్లి పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఆహార వ్యాపారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చిన్న బండికి కూడా ఉండాలి, ముందే చేయించుకోండి.

పొగ పెట్టిన మాంసం కదా నిల్వ ఉంటుందని అనుకోవద్దు. ఎండు చేపలా ఇది ఆరలేదు, లోపల తేమ అలాగే ఉంది. వేడిగా అమ్మేదైతే 60 డిగ్రీల పైన ఉంచాలి. బయట మామూలు గాలికి రెండు గంటలు, మే నెల ఎండల్లో గంట, అంతకు మించి ఉంచింది అమ్మకండి. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. మళ్లీ ఇచ్చేటప్పుడు మూతపెట్టి, కొంచెం నీళ్లు చిలకరించి లోపల 74 వచ్చేదాకా వేడిచేయండి. రెండోసారి పొగ పెట్టక్కర్లేదు, పెడితే చేదవుతుంది.